అస్తరు వేసిన జేబులు

సోమవారం పొద్దుటికి కింది మూడు వరసలూ తలలు వాల్చేశాయి.

వెనక వసారాలో మొక్కల గోడ ముందు నిలబడి కూతురు ఒకటికి రెండుసార్లు చూసింది. ఐదు వరసలు, వరసకి పన్నెండు గుడ్డ జేబులు. పై రెండు వరసల్లో ఫెర్న్‌లూ మనీప్లాంట్లూ అప్పుడే తల దువ్వుకున్నట్టు నిగనిగలాడుతున్నాయి. మూడో వరస నుంచి కిందికి ఆకులన్నీ పసుపెక్కి, తడిసిన కాగితాల్లా వేలాడుతున్నాయి.

గురువారం సాయంత్రం పళ్ళ డాక్టరమ్మ వస్తుంది.

డాక్టరమ్మ తన ఆసుపత్రిలో రోగులు కూర్చునే గదికి ఒక గోడ నిండా ఇలాంటి మొక్కలు పెట్టించాలనుకుంటోంది. ఈ గోడ చూసి నచ్చితే ఆ పని కూతురిది. నచ్చకపోతే ఒకటో తారీఖున ఆమె పాత ఆఫీసుకి వెళ్ళి, తను ఖాళీ చేసి వచ్చిన కుర్చీలోనే మళ్ళీ కూర్చోవాలి. అప్పటిదాకా ఆ కుర్చీలో ఇంకొకరిని వెయ్యనని పై అధికారి కబురు పెట్టాడు. ఈలోగా ఏ పనీ కుదరకపోతే వెళ్ళి చేరాల్సిందేనని మాస్టారు షరతు పెట్టాడు. ఆ షరతు కూడా కూతురికి నేరుగా చెప్పలేదు. తల్లి చేత చెప్పించాడు.

మాస్టారంటే బడి మాస్టారు కాదు. ముందు గదిలో కుట్టుమిషను వేసుకుని నలభై ఏళ్ళుగా ఆ వీధి మొత్తానికీ బట్టలు కుడుతున్న టైలరు మాస్టారు, ఆమె తండ్రి. కూతురు ఉద్యోగం మానేసి ఇరవై రెండు రోజులైంది. ఆయన ఆమెతో మాట్లాడి కూడా అన్నే రోజులైంది. మానేసినందుకు కాదు ఆ కోపం. ఆ సంగతి సొంత కూతురు చెప్పకముందే, చొక్కా కొలతలకి వచ్చిన పరాయి మనిషి నోట వినాల్సి వచ్చినందుకు. ఆ రోజు ఆయన ఆ మనిషి చేతి పొడవు ఇరవై మూడు అని రాయాల్సిన చోట ముప్పై రెండు అని రాసుకున్నాడు. గుడ్డ కత్తిరించేలోపు ఆ తప్పు దిద్దుకున్నాడు. మౌనం మాత్రం అలాగే ఉండిపోయింది.

నానమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని వసారాలోకి వచ్చింది.

“దాహంతో నాలుకలు బయటపెట్టాయి కదే, డిగ్రీ. కాసిని నీళ్ళు పొయ్యలేవూ?”

మనవరాలిని ఆవిడ పిలిచే పేరు అది. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆమె. ఒకప్పుడు నలుగురూ వినాలని గట్టిగా పిలిచిన పేరు, ఈ మధ్య దెప్పడానికి పనికొస్తోంది.

కూతురికీ అదే అనుమానం. నీళ్ళు కిందిదాకా అందట్లేదనుకుని మూడు రోజుల కిందటే మోటారు వేళలు మార్చింది. అడుగున ఉన్న తొట్టిలోంచి చిన్న మోటారు నీళ్ళని పైకి ఎక్కిస్తుంది. ప్రతి వరస మీదుగా ఒక సన్న గొట్టం పోతుంది. అది ఒక్కో జేబులో చుక్కచుక్కగా వదులుతుంది. అంతకుముందు రోజుకి రెండుసార్లు నడిచే మోటారు ఇప్పుడు నాలుగుసార్లు నడుస్తోంది. పైగా నానమ్మ చెంబు. అయినా ఆకులు ఇంకా వాలిపోతున్నాయి.

ముందు గదిలో మిషను ఆగింది. కింది వరసలకి నీళ్ళు అందుతున్నాయో లేదో చూసుకోమని చెప్పమని మాస్టారు వంటింటి వైపు తిరిగి చెప్పాడు. కూతురు ఆయనకి పదడుగుల దూరంలోనే ఉంది. అందుతున్నాయని చెప్పమని ఆమె కూడా వంటింటికే చెప్పింది.

తల్లి పొయ్యి దగ్గరనుంచి కదల్లేదు. “ఇద్దరూ విన్నారుగా,” అంది.

మొదటి వారం ఆవిడ అటు మాట ఇటు, ఇటు మాట అటు మోసింది. ఇప్పుడు ఆ ఓపిక అయిపోయింది.

*

మధ్యాహ్నం వసారాలో ఎండ తగ్గాక కూతురు స్టూలు లాక్కుని గోడ ముందు కూర్చుంది. పై వరసలో ఒక జేబులోకి వేళ్ళు పెట్టి చూసింది. లోపలి కొబ్బరిపొట్టు పిండి ఆరేసిన గుడ్డలా చల్లగా, తేమగా ఉంది. ఎలా ఉండాలో అలాగే ఉంది.

నాలుగో వరసలో ఒక జేబులోకి వేళ్ళు పెట్టింది. రెండో కణుపు దాకా నీళ్ళలో మునిగాయి.

చెయ్యి బయటికి తీస్తే కుళ్ళిన వాసన. మొక్కని మెల్లగా పైకి లాగింది. అది లాగించుకోకుండానే వచ్చేసింది. తెల్లగా ఉండాల్సిన వేళ్ళు బురద రంగుకి తిరిగాయి. పట్టుకుంటే ఉడికిన కందగడ్డ తొక్కలా పైపొర ఊడి చేతికి అంటుకుంది.

ఇది ఆమె చదువుకున్న సంగతే. వేరు నీళ్ళు తాగడమే కాదు, గాలి కూడా పీలుస్తుంది. గాలి అందని వేరు చచ్చిపోతుంది. చచ్చిన వేరు చుట్టూ ఎన్ని నీళ్ళున్నా తాగలేదు. అప్పుడు ఆకు దాహంతో వాలినట్టే వాలుతుంది. అది చూసి మనిషి ఇంకో చెంబు పోస్తాడు. పరీక్షలో ఈ ప్రశ్నకి ఆమె పదికి పది మార్కులు తెచ్చుకుంది. ఇంట్లో మాత్రం మూడు రోజులు నీళ్ళు పెంచుతూ పోయింది.

కానీ ఫెల్టు గుడ్డ నీటిని నిలవనివ్వదు. అందుకేగా దాన్ని ఏరికోరి తెచ్చింది. పై జేబుల్లోంచి మిగులు నీళ్ళు తిన్నగా తొట్టిలోకి జారిపోతున్నాయి. అదే గుడ్డతో, అదే కొలతతో కుట్టిన కింది జేబుల్లో ఎందుకు నిలిచాయి?

జేబు ఖాళీ చేసి, దాని అంచు పట్టుకుని లోపలి వైపు బయటికి తిప్పింది.

లోపల నీలం రంగు అస్తరు ఉంది.

రెయిన్‌కోటు గుడ్డ. అంచుల దగ్గర రెండు వరసల కుట్టు. కుట్టు పడ్డ ప్రతిచోటా సూది రంధ్రం మూసుకుపోయేలా మైనం రుద్ది ఉంది. ఇంకొకటి తిప్పింది. దానికీ ఉంది. మూడోది తిప్పాల్సిన అవసరం లేకపోయింది.

ఆ గుడ్డ ఆమె ఎరిగినదే. కాలేజీలో చేరిన ఏడు మాస్టారు ఆమెకి రెయిన్‌కోటు కుట్టిపెట్టిన తానులో మిగిలిన ముక్క. మూడేళ్ళు వానల్లో అది వేసుకుని బస్సెక్కింది. ఒక్క పుస్తకం తడవలేదు.

పై రెండు వరసల జేబులు ఆయనతో మాటలున్న రోజుల్లో కుట్టినవి. కాగితం మీద ఆమె గీసిచ్చిన బొమ్మ ఎదురుగా పెట్టుకుని, ఇది ఎందుకు, అది ఎందుకు అని పదిసార్లు అడిగి, గీసినట్టే కుట్టాడు. తరవాత మాటలు పోయాయి. మిగిలిన గుడ్డా కాగితమూ ఆమె మిషను పక్కన పెట్టి వచ్చేసింది. నాలుగు రోజులకి ముప్పై ఆరు జేబులూ ఆమె మంచం మీద ఉన్నాయి, డజనుకో కట్ట కట్టి, ఇస్త్రీ చేసి మరీ. మట్టి నింపుకునే జేబులకి ఇస్త్రీ ఏమిటని అప్పుడు లోలోపల నవ్వుకుంది. లోపల అస్తరు ఉందని ఆయన చెప్పలేదు. లోపల ఎలా ఉన్నాయని ఆమె చూడలేదు.

*

తల్లికి సంగతి ముందే తెలుసు. సాయంత్రం కాజాలు కుడుతూ అంతా చెప్పింది. ఆవిడ పని అదే. మాస్టారు చొక్కా కుట్టి ఇస్తే కాజాలు కుట్టడం, బొత్తాలు పెట్టడం ఆవిడ చూసుకుంటుంది. మొదటి వరసలు పెట్టినప్పుడు నీళ్ళు కారి గోడ అడుగుకి చెమ్మ ఎక్కిందని, సున్నం రాలుతోందని నానమ్మ రెండు రోజులు సణిగిందట. అది మాస్టారు విన్నాడు. ఆ మాట పిల్ల చెవిన పడకూడదనుకున్నాడు. ఈసారి ఒక్క చుక్క కూడా కారకూడదని పాత తాను వెతికి తీయించి, కూర్చుని ఒక్కొక్కటీ అస్తరు వేశాడు.

“చెప్పొచ్చు కదమ్మా, నాతో?”

“ఎవరు చెప్తారు? ఆయన చెప్పడు. నువ్వు అడగవు. నేను మీ ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి అలిసిపోయి ఊరుకున్నాను.”

కూతురు కింద పడ్డ దారం ముక్కలు ఏరసాగింది.

ఆయనకి చెప్పొద్దని తల్లి అంది. గుడ్డదే తప్పని చెప్పమంది, లేదా మొక్కలే మంచివి కావని చెప్పమంది. నలభై ఏళ్ళలో ఆయన కుట్టు ఇంకొకరు విప్పింది లేదు. కుట్టు బాగాలేదని ఎవరూ చొక్కా వెనక్కి తేలేదు. “ఆయన దగ్గర ఉన్నదల్లా ఆ మాట ఒక్కటేనే. అది తీసేస్తే ఏం మిగులుతుంది?” అంది, దారం పళ్ళతో కొరుకుతూ.

రేపు పొద్దున ఆయన దారాలు తేవడానికి బజారుకి వెళ్తాడనీ, వచ్చేలోపు ఒక్కో జేబు అడుగున చిన్న గాటు పెట్టేసుకుంటే మట్టి కప్పేస్తుందనీ, ఎవరికీ తెలియదనీ దారి కూడా చూపించింది.

కూతురికి అది నచ్చలేదు. కానీ అంతకంటే మంచి దారి తోచలేదు.

*

మంగళవారం మాస్టారు చెప్పులేసుకుని వీధి చివర దాటేదాకా చూసి, కూతురు బ్లేడు తీసుకుంది. ఆయన కత్తెర ముట్టుకోలేదు. గుడ్డ కత్తెరని గుడ్డకి తప్ప వాడకూడదన్నది ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి.

మూడో వరసలో మొదటి జేబు విప్పి, ఒళ్ళో పెట్టుకుని అడుగున గాటు పెట్టింది. గట్టి కుట్టు. బ్లేడుకి ఒక పట్టాన లొంగలేదు. బలంగా లాగితే ఒక్కసారిగా బెత్తెడు మేర చీరుకుపోయింది. అస్తరు అంచు పోగులు పోగులుగా లేచింది. అందులోంచి నీళ్ళే కాదు, కొబ్బరిపొట్టు కూడా ముద్దముద్దగా జారి కాళ్ళ మీద పడింది.

తల ఎత్తేసరికి వసారా గుమ్మంలో మాస్టారున్నాడు. చేతిలో సంచీ లేదు. తెల్ల దారం నమూనా మర్చిపోయి వెనక్కి వచ్చాడు.

ఆయన కళ్ళు ముందు బ్లేడు మీద పడ్డాయి. తరవాత జేబు మీద. కూతురు బ్లేడు కింద పెట్టింది. వెనక నానమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

మాస్టారు వంగి ఆమె ఒళ్ళోంచి జేబు తీసుకున్నాడు. చిరుగుని రెండు వేళ్ళతో దగ్గరికి చేర్చి చూశాడు. లోపలికి తిప్పి చూశాడు. పక్కన పీటమీద కుళ్ళిన వేళ్ళతో ఆరబెట్టిన మొక్క ఉంది. దాన్ని కూడా తీసుకున్నాడు. వేరు చివర వేలితో రాస్తే నల్లపొర ఊడి వచ్చింది. వేలు వాసన చూసుకున్నాడు.

“నీళ్ళు బయటికి పోవాలి నాన్నా. ఆగిపోతే వేరుకి ఊపిరాడదు,” అంది కూతురు.

ఆయన మొక్కని పీట మీద పెట్టేశాడు. జేబు తీసుకుని ముందు గదిలోకి వెళ్ళి మిషను ముందు కూర్చున్నాడు. మిషను నడవలేదు. ఆ రోజు బజారుకి కూడా వెళ్ళలేదు. భోజనాల దగ్గర నానమ్మ రెండు మూడు మాటలు కలపబోయింది. ఏదీ అందుకోలేదు. కంచం కడిగి పెట్టి మళ్ళీ మిషను దగ్గరికే వెళ్ళాడు.

“వాడి నాన్న కూడా ఇంతే,” అంది నానమ్మ. “కోపమొస్తే అరిచేవాడు కాదు. పని చేసేవాడు. ఆ కోపంలోనే ఈ ఇంటికి పెరటి గోడ కట్టాడు. ఎవరి మీదో ఇప్పటికీ తెలీదు.”

*

బుధవారం పొద్దున కూతురు లేచి వచ్చేసరికి ఆ జేబు స్టూలు మీద ఉంది.

చిరుగు మీద మాసిక వేసి ఉంది. అడుగున, రెండు మూలల దగ్గర, రెండు కాజాలున్నాయి. చొక్కా కాజా కంటే కొంచెం పెద్దవి. చుట్టూ దారం దగ్గరదగ్గరగా చుట్టి కుట్టినవి. అస్తరూ ఫెల్టూ రెండూ కలిసి ఆ కుట్టులో బిగిసిపోయాయి. ఒక్క పోగు లేవలేదు. కూతురు జేబులో కొబ్బరిపొట్టు నింపి నీళ్ళు పోసింది. నీళ్ళు కాజాల్లోంచి బొట్టు బొట్టుగా దిగాయి. పొట్టు రాలలేదు.

ముందు గదిలోకి చూస్తే మాస్టారు అప్పటికే కొలత టేపు, సుద్ద, కాజాలు కోసే చిన్న ఉలి బల్ల మీద సర్దుకుని కూర్చున్నాడు. మిగిలిన జేబులు తెమ్మన్నాడు, తల్లితో. కూతురే తెచ్చి ఇచ్చింది. ఆయన సుద్దతో గుర్తు పెట్టి ఉలితో కోసి ఇస్తే, తల్లి కాజా కుట్టింది. ముప్పై ఐదు జేబులకి డెబ్భై కాజాలు. సరిగ్గా పది చొక్కాల పని. కాజాలకి వేళ్ళు నొప్పెడుతున్నాయని తల్లి అంటే, నీ కూతురు ఉద్యోగం మానేస్తే నీకు ఉద్యోగం పెరిగిందని నానమ్మ అంది. తల్లి నవ్వింది. మాస్టారు నవ్వలేదు గానీ ఉలి కొంచెంసేపు ఆపాడు.

వసారాలో కూతురు మొక్కలు ఒక్కొక్కటీ తీసి వేళ్ళు కడిగింది. నల్లబడ్డ వేళ్ళు కత్తిరించి, గట్టిగా, తెల్లగా ఉన్నవి మాత్రం ఉంచింది. ఆ కాసిని వేళ్ళు మోయలేని పెద్ద ఆకులు తీసేసింది. ముప్పై ఆరు మొక్కల్లో పదిహేడు బతుకుతాయనిపించింది. పంతొమ్మిది పోయాయి. మోటారుని మళ్ళీ రోజుకి రెండుసార్లకి తెచ్చింది. నానమ్మ చెంబు అడిగి తీసుకుని తన గదిలో దాచింది.

పంతొమ్మిది జేబులు ఖాళీ. పై వరసల్లోంచి తీగ ముక్కలు కత్తిరించి వాటిలో గుచ్చింది. జానెడు కొమ్మకి రెండేసి ఆకులు. దూరంనుంచి చూస్తే గోడకి అక్కడక్కడ జుట్టు ఊడినట్టుంది.

మొక్కల కొట్టతన్ని అడిగి, డాక్టరమ్మ వచ్చి వెళ్ళేదాకా నిండు కుండీలు నాలుగు అందులో సర్దమని నానమ్మ సలహా ఇచ్చింది. ఒక్క సాయంత్రానికి ఎవరు కనిపెడతారంది.

“పళ్ళ డాక్టరుకి పెట్టుడు పళ్ళు చూపిస్తే కనిపెట్టదా నానమ్మా?”

నానమ్మ తన పళ్ళని నాలుకతో ఒకసారి తడుముకుని ఊరుకుంది.

*

గురువారం డాక్టరమ్మ చెప్పిన వేళకే వచ్చింది. యాభై దాటిన మనిషి. మెత్తగా మాట్లాడుతుంది గానీ, మాట్లాడుతున్నంతసేపూ కళ్ళు ఎదుటివాళ్ళ నోటి మీదే ఉంటాయి. ముందు గదిలో మాస్టారు ఒకాయనకి కోటు కొలతలు తీస్తున్నాడు. ఆమెకి నమస్కారం పెట్టి, లోపలికి దారి చూపించి, మళ్ళీ తన పనిలో పడ్డాడు. ముందు గదికీ వసారాకీ మధ్య తలుపు లేదు. ఒక తెర ఉంది, అంతే.

పై వరసలు చూసి డాక్టరమ్మ ముఖం విప్పారింది. ఎదురుగా ఇలా పచ్చగా ఉంటే, తన దగ్గరికి పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా కాసేపు భయం మర్చిపోతారంది. గోడకీ చట్రానికీ మధ్య రెండు వేళ్ళ సందు ఎందుకని అడిగింది. గాలి ఆడటానికి, ఇంటి గోడకి చెమ్మ తగలకుండా, అని కూతురు చెప్పింది. నీళ్ళు వారానికోసారి మార్చాలనీ, గొట్టాలకి పాచి పట్టకుండా నెలకోసారి కడగాలనీ, కిటికీ లేని చోటయితే దీపాలు ఎన్ని గంటలు వెలగాలో కూడా చెప్పింది. డాక్టరమ్మ తల ఊపుతూ అన్నీ విన్నది.

తరవాత కింది వరసల వైపు వంగింది.

“ఇవేమిటి, ఇలా ఉన్నాయి?”

“కొత్తగా పెట్టినవండీ. పాతవి పోయాయి.”

“ఎన్ని పోయాయి?”

“పంతొమ్మిది.”

“ఎందుకు పోయాయి?”

తెర అవతల కొలతలు చెప్పే గొంతు ఆగిపోయింది. భుజం పద్దెనిమిదిన్నర అన్న తరవాత ఛాతీ ఎంతో చెప్పాలి. చెప్పలేదు. కొలతలిస్తున్న పెద్దమనిషి దగ్గడం మాత్రం వినిపించింది. ఆయన ఈ వీధివాడే. ఇక్కడ విన్నది రేపు పొద్దుటికి చివరింటి దాకా వెళ్తుంది.

“నీళ్ళు ఎక్కువయ్యాయండీ,” అంది కూతురు. “వేళ్ళు కుళ్ళాయి. నాదే పొరపాటు.”

డాక్టరమ్మ నిటారుగా నిలబడింది. కోపం లేదు. కొంచెం నిరాశ ఉంది.

“నీళ్ళు ఎక్కువైతే కుళ్ళుతాయని నీకు తెలియదా అమ్మా?”

తెలుసు. పదికి పది మార్కులకి తెలుసు. అది చెప్తే, తెలిసి ఎందుకు పోశావన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు తెర అవతల టేపు పట్టుకుని నిలబడి ఉంది.

“చూసుకోలేదండీ.”

డాక్టరమ్మ చేతిసంచీ భుజానికి తగిలించుకుంది. తన దగ్గరికొచ్చేవాళ్ళు ముందే భయంతో వస్తారనీ, వాళ్ళ కళ్ళెదుట మొక్కలు చచ్చిపోతుంటే బాగుండదనీ అంది. పట్నంలో ఇలాంటివి కట్టే కంపెనీ ఒకటి ఉందట. వాళ్ళనీ అడిగిందట. “దాచకుండా చెప్పావు, సంతోషం. కానీ నాకు పని తెలిసినవాళ్ళు కావాలి. ఏ సంగతీ శనివారం చెప్తాను,” అంది. ఏం చెప్తుందో ఇద్దరికీ అప్పుడే తెలిసిపోయింది.

వెళ్తూ ముందు గదిలో ఆగి, వస్తాను మాస్టారూ అంది. ఆయన తల వంచాడు.

*

కూతురు కింది వరస ముందు కూర్చుని, వదులుగా ఉన్న ఒక కొమ్మ చుట్టూ పొట్టు నొక్కుతోంది. చెయ్యడానికి వేరే పని లేదు. తల్లి వంటింటి గుమ్మంలో నిలబడి, ఏమీ అడక్కుండానే అంతా తెలుసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తెర కదిలింది. మాస్టారు వచ్చి పక్కన నిలబడ్డాడు. గోడ కట్టిన దగ్గర్నుంచీ ఆయన దాని ముందు ఇంతసేపు నిలబడలేదు. వంగి ఒక జేబు అడుగున కాజాని బొటనవేలితో తడిమాడు. తడి అంటింది. పంచె అంచుకి తుడుచుకున్నాడు.

“ఆ డాక్టరమ్మ ఆసుపత్రి ఎక్కడ?”

కూతురు తల్లి కోసం వంటింటి వైపు చూసింది. తల్లి అక్కడ లేదు. ఆయన అడిగింది తననే అని అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఇరవై ఐదు రోజుల తరవాత మొదటి మాట.

“బస్టాపు దాటాక, మందుల కొట్టు పైన,” అంది. తరవాత లేచి నిలబడింది. “వద్దు నాన్నా. ఈ వేళకి అక్కడ నిండా జనం ఉంటారు. అందరూ మనవాళ్ళే.”

ఆ గదిలో కూర్చునేవాళ్ళలో సగం మంది వేసుకున్న చొక్కాలు ఆయన కుట్టినవే. ఆ సంగతి ఆమె కంటే ఆయనకే బాగా తెలుసు.

“చెడిపోయిన బట్టకి కుట్టినవాడు జవాబు చెప్పాలి,” అన్నాడు మాస్టారు. “తొడుక్కున్నవాళ్ళు కాదు.”

“నీళ్ళు పెంచింది నేను. చెయ్యి పెట్టి చూడాల్సింది నేను. అది అబద్ధం కాదు.”

“అది నువ్వు చెప్పావుగా. మిగతాది నేను చెప్తాను.”

మెడలో టేపు అలాగే ఉంది. చెప్పులేసుకున్నాడు. గుమ్మం దాటాడు. ముందు గదిలో కోటు కొలతలకి వచ్చిన పెద్దమనిషి రెండు చేతులూ పక్కలకి చాచి ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు.

“చేతులు దించు నాయనా, వాడు ఇప్పట్లో రాడు,” అంది నానమ్మ మంచం మీద నుంచి.

కూతురు గుమ్మంలోకి వచ్చింది. మాస్టారు వీధి సగం దాటాడు. ఎవరో పలకరిస్తే ఆగలేదు, చెయ్యి మాత్రం ఎత్తాడు. తన కుట్టు మంచిదని చెప్పుకోవడం ఆయనకి నలభై ఏళ్ళుగా అవసరం పడలేదు. చెడ్డదని చెప్పుకోవడం అసలే అలవాటు లేదు. ఎలా మొదలుపెడతాడో, ఎవరి ముందు మొదలుపెడతాడో. మధ్యలో ఎవరైనా నవ్వితే అక్కడితో నోరు మూసుకుని వచ్చేస్తాడు. అప్పుడు పనీ పోతుంది, ఆయన మాటా పోతుంది.

తను వెనక వెళ్తే ఆయన చెప్పాల్సిన రెండు మాటలూ సరిగ్గా అందించగలదు. కానీ కూతురు చూస్తుండగా ఆయన ఆ మాట అనగలడా?

ఒక కాలు చెప్పులో పెట్టింది. మాస్టారు మలుపు దగ్గరికి చేరాడు. రెండో చెప్పు ఆమె కాలి పక్కనే ఉంది.